గేటులో నాటిన మూడు వాక్కాయ మొక్కలు

రైతులకు మొక్కలు పంచి, అవి ఎలా పెంచాలో చెప్పే సర్కారు ఉద్యోగంలో ముప్పై మూడేళ్లు చేశాను. సగానికి పైగా వరంగల్ చుట్టుపక్కలే. ఇప్పుడు రిటైరై హనుమకొండలో ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి "సార్, మీ అనుభవం నాలుగు ముక్కలు చెప్పండి" అంటుంటారు. నాలుగు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాదు. మొదలుపెడితే గంట పడుతుంది. మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. అందుకే రాసి పెడుతున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి రెండే. ఆ రెండూ నా పైవాళ్లు రిటైరైతే వచ్చినవే తప్ప నా గొప్ప వల్ల కాదు. ఫైళ్ల గురించీ రాయను, అవి మీకు ఎలాగూ తప్పవు. నేను రాసేది వాక్కాయ గురించి. నాకు ఆఫీసులో "వాక్కాయ సారు" అని పేరు పడింది. వెనకాల అనేవాళ్లు, తర్వాత ముందరే అనడం మొదలుపెట్టారు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఆ చెట్టుకు ఉన్నంత ఓపిక నాకు లేదని తెలిసి, పేరు ఒప్పుకున్నాను.

చెట్టు సంగతి

వాక్కాయను మీరు పప్పులో తినే ఉంటారు. చెట్టును చూసింది మాత్రం తక్కువ మందే. నిజానికి అది చెట్టు కాదు, పొద. నిండా ముళ్లు. ముల్లు చివర రెండు పాయలుగా చీలి ఉంటుంది, ఒకటి గుచ్చుకోకపోతే రెండోది గుచ్చుకుంటుంది. కొమ్మ తుంచితే పాలు కారుతాయి, చేతికి అంటుకుంటే సబ్బుకు కూడా లొంగవు. మే నెలలో మన దగ్గర నాలుగడుగులు వేస్తే మనిషి వాడిపోతాడు. అప్పుడు కూడా ఇది పచ్చగా, నున్నగా, ఏమీ కానట్టు నిలబడి ఉంటుంది. మొదటి రెండేళ్లు కాస్త నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత మనల్ని అడగదు. మేక దగ్గరికి వచ్చి, ఒకసారి మూతి పెట్టి చూసి, వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి. కేకు మీదా మిఠాయి పాన్‌లోనూ ఎర్రగా మెరిసే చెర్రీ ఉంటుంది చూడండి, మన దగ్గర అది చాలాసార్లు వాక్కాయే. గింజ తీసి, రంగులో, చక్కెర పాకంలో నానబెడతారు. నా రిటైర్మెంట్ ఫంక్షన్‌లో కేకు కోసే ముందు ఈ సంగతి మీద పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆ రోజు కేకంతా అయిపోయింది, చెర్రీలు మాత్రం ప్లేట్లలో మిగిలిపోయాయి. ఏం మాట్లాడాలో తెలియడం ఒకటి, ఎప్పుడు మాట్లాడాలో తెలియడం ఇంకొకటి. రెండోది నాకు చివరిదాకా రాలేదని మీకు ఈ రాతలోనే తెలుస్తుంది.

మొలవని ఏడాది

నన్ను నర్సరీలో వేసిన మొదటి ఏడాది వాక్కాయ నారు పెంచమని చెప్పారు. పుస్తకం చదివినవాణ్ని కదా. పండ్లు తెప్పించాను, గింజలు తీయించాను, కడిగించాను, నీడలో ఆరబెట్టించాను, కవర్లలో పోసి పేరు రాసి బీరువాలో భద్రంగా దాచాను. మూడు నెలల తర్వాత ముహూర్తం చూసినంత పద్ధతిగా రెండు వేల సంచుల్లో నాటించాను. రోజూ నీళ్లు కొట్టించాను. నెల గడిచినా ఒక్కటీ తల ఎత్తలేదు. గడ్డి మాత్రం బ్రహ్మాండంగా మొలిచింది.

నర్సరీలో నీళ్లు కొట్టే మల్లవ్వ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొదటి రోజే గింజలు చూసి నవ్విందట. నేను నిలదీస్తే తాపీగా చెప్పింది: "పండు తిని ఊంచిన గింజ ఆన్నే మొలుస్తది సారూ. దాన్ని బీరువాల పెడితే ఏం మొలుస్తది?" వాక్కాయ గింజ తీసిన వెంటనే నాటాలి, ఆరితే చస్తుంది. పుస్తకంలో ఆ సంగతి తర్వాతి పేజీలో ఉంది, నేను పేజీ తిప్పలేదు. "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. "మీరు అడుగలే గద" అంది. అప్పటినుంచి ఎక్కడికి పోయినా మొదట నీళ్లు కొట్టేవాళ్లను అడిగి, ఆ తర్వాతే పుస్తకం తెరిచేవాణ్ని.

చింతగింజల పెద్దసారు

ఇక అసలు కథ. ములుగు రోడ్డులో అడవికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఐలయ్య అని నలభై ఏళ్ల రైతు, అతని తల్లి బుచ్చవ్వ ఉండేవారు. వాళ్లకు అరెకరం ఎర్రమట్టి చెల్క, ఒక చిన్న బోరు. బుచ్చవ్వ ఆ చెల్కలో ఏటా పల్లి వేసేది. అడవి పందులు ఏటా వచ్చి, పల్లికాయ తవ్వుకుని తిని పోయేవి. "పందులకు నేను కౌలుకు చేస్తాన్న సారూ" అన్నది ఆమె నాతో అన్న మొదటి మాట. అప్పుడు మా దగ్గర కంచె మొక్కల పథకం ఉండేది. చుట్టూ వాక్కాయ నాటితే మూడేళ్లలో పంది కాదు, పిల్లి కూడా దూరదని చెప్పాను. రెండు వందల పన్నెండు మొక్కలు ఇచ్చాను. వాళ్లు రోడ్డు వైపు బండి పోయేంత దారి వదిలి, మిగతా చుట్టూ శ్రద్ధగా నాటారు. దారి వదిలిన చోట పట్టే మూడు మొక్కలు మిగిలిపోతే, వాటిని ఇంటి ముందర పెట్టుకున్నారు.

ఇక్కడ మా పెద్దసారు గురించి చెప్పాలి. మంచి మనిషే. లంచం తినడు, తిననివ్వడు. కానీ ఆయనకు లెక్క పిచ్చి. కాగితం మీద రెండు వందల పన్నెండు అని ఉంటే, భూమి మీద రెండు వందల పన్నెండు కనబడాలి. లెక్కపెట్టడానికి ఎడమ జేబులో చింతగింజలు పోసుకుని వచ్చేవాడు. మొక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక గింజ తీసి కుడి జేబులో వేసుకునేవాడు. చివర్లో కుడి జేబు తక్కువైతే సదరు అధికారి పని అయిపోయినట్టే. చచ్చిన మొక్క స్థానంలో కొత్తది నాటడాన్ని మా భాషలో గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. పెద్దసారు కలలో కూడా అదే పలవరించేవాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లం.

ఆయన ఐలయ్య చెల్కకు తనిఖీకి వస్తున్నాడని ఆ ఉదయమే ఫోన్ వచ్చింది. నేను ముందే అక్కడికి చేరి చూస్తే మొక్కలన్నీ బతికే ఉన్నాయి, కానీ కంచె మీద రెండు వందల తొమ్మిదే. మూడు ఇంటి ముందర. కంచె పథకంలో మొక్క కంచె మీదే ఉండాలి. నా బుర్రలో గ్యాప్ అనే మాట ఒక్కటే గిర్రున తిరిగింది. ఇంటి ముందరి మూడు మొక్కలూ మట్టిగడ్డతో సహా పెకిలించి తెచ్చి, గేటు కోసం వదిలిన దారిలో వరసగా నాటించాను.

దయచేసి మళ్లీ చదవండి. చుట్టూ కంచె ఉన్న చేనుకు ఉన్న ఒక్కగానొక్క దారిలో, చదువుకున్న అధికారిని, దగ్గరుండి ముళ్ల మొక్కలు నాటించాను. నాటించి, చుట్టూ పాదు చేయించి, నీళ్లు కూడా పోయించాను.

పెద్దసారు వచ్చాడు. చుట్టూ తిరిగాడు. గింజలు జేబులు మారాయి. మొక్కలు అప్పటికి మోకాలి ఎత్తే కాబట్టి, ఆ మూడింటి మీదుగా కాలు ఎత్తివేసి లోపలికి కూడా వెళ్లి చూశాడు. దారి లేదన్న సంగతి ఆయనకూ తట్టలేదు. "రెండు వందల పన్నెండు! వెరీ గుడ్!" అని నా భుజం తట్టాడు. నా సర్వీసులో ఆయన నా భుజం తట్టింది ఆ ఒక్కసారే.

ఆయన జీపు కదిలాక ఐలయ్య నా దగ్గరికి వచ్చి, "సారూ, గీ మూడు ఇగ పీకెయ్యాల్నా?" అన్నాడు. "ఇప్పుడే పీకకు. మళ్లా చెకింగ్‌కు వస్తరు. ఒక్క మొక్క పీకినా నీ మీద కేసు అయితది" అన్నాను. అలాంటి కేసు ఏ చట్టంలోనూ లేదు. రెండు వారాలు ఆగమని చెప్పడానికి బద్ధకమేసి, ఒక్క మాటలో పని కానిచ్చాను. తనిఖీల గొడవ అయ్యాక వచ్చి పీకించేద్దామనుకున్నాను. పది రోజుల్లో నాకు ఖమ్మం వైపు బదిలీ అయింది. ఆ మూడు మొక్కల సంగతి శుభ్రంగా మరిచిపోయాను.

మాట్లాడే కంచె

అయిదేళ్ల తర్వాత మళ్లీ వరంగల్ వచ్చాను, రిటైర్మెంట్‌కు ముందు చివరి పోస్టింగ్. ఏప్రిల్ నెలలో ఒకరోజు ములుగు బస్సులో పోతూ ఐలయ్య చెల్క చూద్దామని దిగాను. నా కంచె ఎలా ఉందో చూసుకుని మురిసిపోదామని, అంతే.

కంచె నా తలకంటే ఎత్తు పెరిగింది. గోడలా కమ్ముకుంది. లోపల ఏముందో ఈగకు కూడా తెలియదు. దాని ముందర రాయి మీద బుచ్చవ్వ కూర్చుని, కంచెతో మాట్లాడుతోంది.

"ఓ ఐలిగా! పల్లికి నీళ్లు పెట్టినవా?"

"పెట్టిన అవ్వా!" అంది కంచె.

"పడమటి దిక్కు సాలుకు పెట్టినవా?"

"పెట్టిన!"

"కలుపు తీసినవా?"

కంచె కాసేపు ఊరుకుంది. "తీస్తాన్న!" అంది.

నన్ను చూసి బుచ్చవ్వ గుర్తుపట్టింది. "దండం సారూ. నీ చెట్లు మంచిగైనయ్ బిడ్డా. పంది పోతలేదు. నేను సుత పోతలేను."

దారేదని అడగబోతూ అటు చూశాను. దారి ఉండాల్సిన చోట, అన్నిటికంటే ఏపుగా, మూడు వాక్కాయ చెట్లు నిలబడి ఉన్నాయి. బోరు పైపు అక్కడే కారుతుందట, అందుకని వాటికి నీళ్లు బాగా అందాయి. వాటి పక్కన లోపల ఒకటి, బయట ఒకటి, రెండు నిచ్చెనలు కట్టి ఉన్నాయి. ఐలయ్య మూడేళ్లుగా నిచ్చెన ఎక్కి దిగుతున్నాడు. బుచ్చవ్వకు మోకాళ్ల నొప్పులు. ఆమె ఎక్కలేదు. కోడలిగా వచ్చినప్పటినుంచి దున్నిన చెల్క ముందర మూడేళ్లుగా బయట కూర్చుని కేకలేస్తోంది.

"ఎందుకు కొట్టెయ్యలేదవ్వా?" అన్నాను, నాకు తెలిసి తెలిసి.

"గదేంది సారూ? కేసు అయితదని నువ్వే అంటివి గద."

పూత ఎన్ని నెలలు?

నేను నిచ్చెన ఎక్కాను. పైన నిలబడి లోపలికి చూస్తే పల్లి లేదు. ఒక్క మొక్క లేదు. అరెకరం నిండా మల్లె. తెల్లగా మొగ్గ మీద ఉంది. మధ్యలో ఐలయ్య గంప పట్టుకుని, నన్ను చూసి బొమ్మలా నిలబడిపోయాడు. దిగగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. అవ్వకు చెప్పకుండ్రి."

గుసగుసగా కథంతా చెప్పాడు. మొదటి ఏడాది కేసుకు భయపడే చెట్లు ఉంచాడు. కంచె పెరిగాక పల్లి సంచులు నిచ్చెన మీదుగా మోయలేక నడుము పట్టేసింది. గంపలో నెత్తిన పెట్టుకుని దిగగలిగేది ఏముందా అని వెతికి మల్లె వేశాడు. అవ్వ లేవకముందే పూలు వరంగల్‌కు పోతున్నాయి, మంచిగానే నడుస్తోంది. కానీ బుచ్చవ్వకు పూల తోటంటే పడదు. తినేది పండించని చెల్క చెల్కే కాదంటుంది. అందుకని ఐలయ్య ఏటా వరంగల్ మార్కెట్లో పచ్చి పల్లికాయ కొని, దానికి మట్టి పూసి, నిచ్చెన మీదుగా దింపి, "ఇదిగో అవ్వా, మన పల్లి" అని ఇస్తున్నాడు.

"మరి వాసన?" అన్నాను.

"వాక్కాయ పూత వాసనని చెప్పిన సారూ."

ఒప్పుకోవాలి, వాడికి బుర్ర ఉంది. వాక్కాయ పువ్వు కూడా తెల్లగా, అచ్చం మల్లె వాసనే వేస్తుంది. ముప్పై ఏళ్లు ఆ చెట్టు వెంట తిరిగిన నాకే ఆ ఉపాయం తట్టేది కాదు.

"చెట్లు కొట్టేద్దాం ఐలయ్యా. కేసూ లేదు, గీసూ లేదు" అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. వాడి మొహం మాడిపోయింది. "జర ఆగుండ్రి సారూ. గీ సీజను అయిపోనీయుండ్రి. పందుల సంగతి దేవుడెరుగు, అవ్వ నుంచి నన్ను కాపాడుతాన్నయ్ ఆ మూడు చెట్లు."

నిచ్చెన దిగి బయటికి వచ్చేసరికి బుచ్చవ్వ నాకోసమే చూస్తోంది.

"సారూ, నువ్వు చెట్ల సారువు గద. ఒక్క మాట చెప్పు. వాక్కాయ ఎన్ని నెలలు పూస్తది?"

"అంటే... నేలను బట్టి ఉంటదవ్వా."

"నేల నాదే. కంచెకు కాయ పట్టింది, సూడు. పువ్వు ఒక్కటి లేదు. మరి వాసన ఎక్కడిది?"

నేను తలెత్తి ఆకాశం వైపు చూశాను, వాసన అక్కడినుంచి వస్తుందేమో అన్నట్టు. రిటైర్మెంట్‌కు దగ్గరైన అధికారి చెయ్యాల్సిన పని కాదది. బుచ్చవ్వ నా మొహం చూసి ఇక వాసన సంగతి వదిలేసింది. గొంతు తగ్గించింది.

"పోనీయి. మోకాళ్లకు దవాఖానకు పోయిన. నిచ్చెన దిక్కు సూడనే సూడొద్దన్నడు డాక్టరు. నేను ఇంక ఎన్నేండ్లుంట సారూ? ఒక్కపారి నా చెల్కల కాలు పెట్టాలె. నీకు పెద్దసార్లు తెలుసు. కాయిదం రాసి ఎట్లన్న పర్మిషన్ ఇప్పియ్యి. మూడు వద్దు. ఒక్క చెట్టు. ఒక్కటి కొట్టుకుంట, పక్కకు తిరిగి దూరిపోత."

తన సొంత చేనులోకి పక్కకు తిరిగి దూరడానికి ఆమె నన్ను పర్మిషన్ అడుగుతోంది. ఎప్పుడో బద్ధకమేసి నోటికి వచ్చిన ఒక మాట అన్నాను. ఆ మాటను నేను సాయంత్రానికే మరిచిపోయాను. ఆమె అయిదేళ్లు దాన్ని పాటించింది. కొత్తగా చేరినవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: మనం ఊళ్లో సరదాకు అన్నా, విసుక్కుని అన్నా, అది వాళ్లకు సర్కారు అన్నట్టే. తప్పు సలహా ఇచ్చినా రైతు మరుసటి ఏడాది దిద్దుకుంటాడు, ఉత్తుత్తి బెదిరింపును ఎలా దిద్దుకుంటాడు?

"కాయిదం అక్కర్లేదవ్వా," అన్నాను. "కేసు లేదు. ఎప్పుడూ లేకుండె. నేనే ఉత్తగ అన్న."

"ఉత్తగ అన్నవా?"

"ఉత్తగనే."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కంచె వైపు తిరిగి, ఊరంతా వినబడేలా ఒక్క కేక వేసింది.

"ఐలిగా! గొడ్డలి పట్టుకరా!"

చెల్కలోకి

గొడ్డలి నేనే తీసుకున్నాను. అది ప్రాయశ్చిత్తం అనుకున్నాను, చూసేవాళ్లకు మాత్రం తమాషా. యాభై ఏడేళ్ల వయసులో, ఆఫీసు చొక్కాతో, వాక్కాయ చెట్టు కొట్టడం అంటే ఏమిటో ఎవరూ నేర్పరు. మొదటి కొమ్మ నా చొక్కా పట్టుకుంది. రెండో కొమ్మ మనిషినే పట్టుకుంది. పాలు కారి చేతులు గొడ్డలి కర్రకు అతుక్కుపోయాయి. ఐలయ్య కూడా చెయ్యి వేశాడు, కానీ అంత నిదానంగా చెట్టు కొట్టే మనిషిని నేను మళ్లీ చూడలేదు. బుచ్చవ్వ మాత్రం రాలిపడే పచ్చికాయలు కొంగులో ఏరుకుంటూ, "కాయలు ఆగం చెయ్యకుండ్రి" అని ఇద్దర్నీ కేకలేస్తోంది.

మూడు చెట్లూ పడ్డాయి. ఆమె చెప్పులు బయట విడిచి, చెయ్యి అందివ్వబోతే వద్దని, మెల్లగా లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

"ఇవేంది?"

"మల్లె అవ్వా," అన్నాడు ఐలయ్య, గంప వెనకాల నుంచి.

"పల్లి ఏదిరా?"

"లేదు."

"మరి మూడేండ్లు నేను తిన్నది?"

"వరంగల్ల కొన్నది."

బుచ్చవ్వ కొంగు జారి వాక్కాయలన్నీ కింద పడ్డాయి. "నా చెల్క పల్లికాయ, నా చెల్క పల్లికాయ అని ఊరందరికి పంచితి గదరా! సర్పంచి ఇంటికి సుత పంపితి! గిసొంటి పల్లి యాడ దొరుకదని ఆయన అన్నడు!"

"అవ్వా, మంచిది చూసే కొన్న," అన్నాడు ఐలయ్య.

నేను నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను, రక్తం వచ్చింది. ఇద్దర్నీ కలిపి ఏం చేస్తుందోనని భయం కూడా వేసింది. ఆమె ఒక మల్లె మొక్క ముందర నెమ్మదిగా కూలబడింది. మోకాళ్లు నొప్పి పెట్టాయేమోనని నేను దగ్గరికి పోయాను. ఆమె పువ్వు వైపు చూడనే లేదు. మొదలు దగ్గర చెయ్యి పెట్టి, గడ్డి పరక పట్టుకుని, వేరుతో సహా లాగింది. మట్టి దులిపి చూసింది. ఆ మట్టి వేళ్ల మధ్య నలిపింది. కళ్లు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో నాకు తెలియదు.

"పూలేసినవ్, సరే," అంది చివరికి. "ఇంత కలుపు పెట్టుకొని ఏస్తరారా ఎవరన్న?"

ఆమె రెండో మొక్క దగ్గరికి జరిగింది. తర్వాత మూడో దానికి. కూర్చున్న చోటినుంచే జరుగుతూ, సాలు చివరిదాకా పోయి, మళ్లీ రెండో సాలు పట్టుకుంది. మేమిద్దరం కొట్టిన ముళ్లకంప పక్కకు లాగి, చేతులకున్న పాలు ఇసుకతో రుద్దుకుని, చేసేదేమీ లేక నిలబడ్డాం. నేను పోవాల్సిన బస్సు పోయింది. ఆ తర్వాతదీ పోయింది. ఎండ దిగిపోతుంటే ఐలయ్య గొంతు సవరించుకున్నాడు.

"అవ్వా, పొద్దుగూకుతాంది. ఇంటికి పోదాం పా."

ఆమె తల ఎత్తలేదు.

"మీరు పోండ్రి. నాకు మూడేండ్ల పనున్నది."